టైలరమ్మ ఇంటి అతిథులు

జూన్ 4

వదినా,

నీకూ, అన్నయ్యకూ, లాండ్రీలో మీ ఇద్దరి మధ్య రోజూ రాజీ కుదిర్చే ఆ ఇస్త్రీపెట్టెకూ నా వందనాలు. దేవుడి దయవల్ల క్షేమంగా చేరాం. 'దయవల్ల' అని మాటవరసకి అనడం లేదు. దారిలో మన వ్యాను ఎన్నిసార్లు మొరాయించిందో డ్రైవరునే అడుగు. ఈ ఉత్తరం తెచ్చేది అతనే. ఇక్కడ ఫోను పలకదు. సరుకుల కోసం వ్యాను అటు వచ్చినప్పుడల్లా ఉత్తరం ఇచ్చి పంపుతాను. నువ్వు జవాబుతో పాటు బిస్కెట్లు పంపేటట్టయితే పొట్లం గట్టిగా కట్టు. అతని చేతివాటం నీకు తెలిసిందే.

మన చర్చి సంఘం తరపున వచ్చింది మేం నలుగురం. నేను, నర్సు, డ్రైవరు, మమ్మల్ని నడిపించే పెద్దాయన. పగలు కారే పైకప్పులు బాగుచేస్తాం, మంచాన పడ్డవాళ్ళకి నర్సుతో కలిసి స్నానాలు చేయిస్తాం, సాయంత్రం ప్రార్థన పెడతాం. ఒళ్ళు హూనమైపోతోంది గాని, డిపోలో టికెట్ కౌంటరు వెనక కూర్చుని జనం చేత తిట్లు తినడం కంటే ఇదే హాయిగా ఉంది.

ఇబ్బందల్లా ఇంటికొచ్చాకే. నర్సునీ నన్నూ ఒక టైలరమ్మ ఇంట్లో దింపారు. బేకరీ పక్క ఇల్లు. ముందు కుట్టుగది, వెనక వంటిల్లు, పక్కన చిన్న పడకగది. అంతే ఇల్లు. ఆ పడకగది మాకిచ్చేసి తను మిషను పక్కన, గుడ్డముక్కల మూట తలకింద పెట్టుకుని నేలమీద పడుకుంటోంది. యాభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. "మేం కింద పడుకుంటాం, మీ మంచం మీరు తీసుకోండి" అన్నాను మొదటిరోజే. "మీరు కింద పడుకుంటే నేనెక్కడ తలెత్తుకోవాలమ్మా?" అంది. నేను తిన్న కంచం ఎత్తబోతే చేతిలోంచి లాక్కుంటుంది. తెల్లారకముందే లేచి వాకిలి ఊడుద్దామంటే, నాకంటే ముందే లేచి వేణ్ణీళ్ళు పెట్టి కూర్చుని ఉంటుంది. ఇంట్లో కూడా మేజోళ్ళూ బూట్లూ విప్పదు, నేల చల్లగా ఉంటుందంటుంది. ఆ బూట్లతోనే టకటకా తిరుగుతూ మా చుట్టూ పనిచేస్తూనే ఉంటుంది.

సేవ చేస్తానని గొప్పగా చెప్పి వచ్చి, పెద్దావిడ చేత చేయించుకుంటున్నాను వదినా. ఎలాగైనా ఈవిడ రుణం తీర్చుకోవాలి.

ఒక సంతోషం. వచ్చే ఆదివారం ఇక్కడి ప్రార్థన గదిలో, ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా కాళ్ళు కడిగే ఆరాధన పెట్టుకున్నాం. కడిగే పని పెద్దాయన నాకే అప్పగించాడు. మీ స్త్రీల కూడికలో నాకోసం ప్రార్థన చేయమను.

నీ ఆడపడుచు


జూన్ 10

తుర్రుపిట్టా,

నువ్వు బాగున్నావని చదివాకే మీ అన్నకి ఆ రోజు అన్నం సహించింది. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకున్నాడు. బిస్కెట్లు పంపాను. పొట్లంమీద డ్రైవరు పేరిట ఒక బెదిరింపు కూడా రాశాను.

నీ ఉత్తరం స్త్రీల కూడికలో చదివి వినిపించాను. అందరూ ఎంత మెచ్చుకున్నారో! కోశాధికారి పిన్నిగారైతే "ఆ పిల్లకి ఎంత తగ్గింపు మనసు!" అని కళ్ళు ఒత్తుకుంది. నేనేమో లోపల నవ్వుకున్నాను. నీ తగ్గింపు సంగతి నాకు తెలియదా? జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా నేను తెచ్చిన గంజి గిన్నె నువ్వే కడిగి బోర్లించావు. అప్పుడు నాకెంత ఒళ్ళు మండిందో నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరి చేతా ఏదీ చేయించుకోకపోవడం కూడా ఒక రకం టెక్కే అమ్మాయ్. ఆవిడ పెడితే తిను. మంచం ఇస్తే పడుకో. హాయిగా కాళ్ళు చాపుకుని పడుకో.

సరేలే, నా మాటలు నీకెప్పుడూ వేళాకోళంగానే వినిపిస్తాయి. కాళ్ళు కడిగే ఆరాధన గురించి మాత్రం వివరంగా రాయి. ఇక్కడందరూ ఎదురుచూస్తున్నారు. నన్ను సంఘంలో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఇప్పుడు నీ పుణ్యమా అని "ఉత్తరం వచ్చిందా?" అని దారిలో ఆపి మరీ అడుగుతున్నారు.

మీ వదిన


జూన్ 19

వదినా,

బిస్కెట్లు అందాయి. పెద్దగా తగ్గలేదు.

ఆరాధన జరిగింది. గది నిండింది. చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పెద్దాయన తృప్తిగా ఉన్నాడు. వివరంగా రాయమన్నావు గాని ఈసారి తీరిక లేదు, వానలు ముదరకముందే మూడు ఇళ్ళు కప్పాలి.

టైలరమ్మకి ఈమధ్య పనేం తగలడం లేదు. మిషను మూగబోయింది. ఇక్కడ ఎవరూ బట్టలు కుట్టించుకోవడం లేదు. మనసేం బాగాలేదు. ప్రార్థన చేయి.

నీ ఆడపడుచు


జూన్ 25

తుర్రుపిట్టా,

మనసు బాగాలేదంటే నాకు అర్థమైందిలే. అంత లేమి కళ్ళారా చూస్తే ఎవరికి బాగుంటుంది? ఒంటికి కొత్తబట్ట కుట్టించుకునే స్తోమత లేని జనం మధ్య ఉన్నావు. నువ్వు నాలుగు ముక్కలే రాసినా నేను చదివి ఆగలేకపోయాను. ఆదివారం పాస్టరుగారిని అడిగి, నేనే నిలబడి చెప్పాను. నేను! పదిమందిలో నోరు విప్పాలంటే కాళ్ళు వణికే నేను! "మనమిక్కడ బీరువాలు పట్టక బట్టలు కుక్కుతున్నాం, అక్కడ వాళ్ళకి ఒంటిమీద సరైన గుడ్డ లేదు" అన్నాను. మరునాటికి లాండ్రీ గుమ్మం ముందు బట్టల గుట్ట.

అన్నీ ఉతికి ఇస్త్రీ చేశాం. మీ అన్న నడుం పట్టేసింది, అయినా ఒక్కమాట అనలేదు. చిరిగినవి తీసేశాను. గౌన్లు, చొక్కాలు, పిల్లల స్కూలు బట్టలు, దుప్పట్లు, అన్నీ మంచివే. నా ముదురాకుపచ్చ కోటు కూడా పెట్టేశాను. నీకిష్టమని తెలుసు, నీకు ఎప్పుడో ఇద్దామనుకున్నాను గాని, అక్కడ ఎవరికైనా పనికొస్తే నువ్వు ఇంకా సంతోషిస్తావనిపించింది. రెండు పెద్ద మూటలు ఈ ఉత్తరంతోనే వ్యానులో వస్తున్నాయి. ఇంకో నాలుగు తయారవుతున్నాయి.

ఇంకోమాట. నువ్వు తిరిగొచ్చాక మన సంఘంలో కూడా కాళ్ళు కడిగే ఆరాధన పెడదామంటున్నారు. నువ్వే నడిపించాలట. నీ ఉత్తరాలు అలా కదిలించాయి అందరినీ. నా ఆడపడుచు అని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వంగా ఉందో!

మీ వదిన


జూలై 3

వదినా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు.

తప్పంతా నాది. నీకు అసలు సంగతి రాయలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోటివల్ల నీ చేత కూడా తప్పు చేయించాను. ఇప్పుడు మొదటినుంచీ రాస్తాను.

ఆరాధన రోజు టైలరమ్మ ప్రార్థన గదిలో అందరి వెనకాల నిలబడి ఉంది. తువ్వాళ్ళు తనే కుట్టి తెచ్చింది. నేను ఒక్కొక్కరి కాళ్ళు కడుగుతుంటే బక్కెట్లో నీళ్ళు తగ్గినప్పుడల్లా నింపుతోంది. చివరికి అందరివీ అయిపోయాయి. అప్పుడు నాకు ఈవిడ రుణం గుర్తొచ్చింది. "మీరు కూడా కూర్చోండి" అన్నాను. "నాకొద్దమ్మా" అంది. నేను నవ్వాను. "నాకొద్దు తల్లీ, వదిలెయ్" అంది మళ్ళీ. ప్రభువు కడగబోతే ఆయన శిష్యుడొకడు కూడా ముందు వద్దనే అన్నాడుగా, తర్వాత ఒప్పుకున్నాడుగా! నా బుర్రలో అదే తిరుగుతోంది. ఆవిడ 'వద్దు' అంటే అది మొహమాటం, వినయం, ఇంకాస్త బతిమాలితే కరిగిపోతుంది, అనుకున్నాను. నిజంగా వద్దంటోందని నాకు తట్టనే లేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. జనమంతా "కూర్చోండి, కూర్చోండి" అని చప్పట్లు కొట్టారు. ఆవిడ కాళ్ళు బెంచీ కిందికి లాక్కుంది. నేను మోకాళ్ళమీద వంగి, పట్టుకుని, బూటు లాగేశాను. మేజోడు కూడా లాగేశాను.

మేజోడు కొసన దూది కూరిన చిన్న దిండు లాంటిది ఉంది. తనే కుట్టుకున్నట్టుంది. ఆ పాదానికి వేళ్ళు లేవు వదినా.

చిన్నప్పుడు కుష్టు వచ్చిందట. మందులు వాడితే ఎప్పుడో నయమైపోయింది. ఎవరికీ అంటదు, నర్సు ఆ సాయంత్రమే ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. కానీ జబ్బు పోయినంత మాత్రాన పోయిన వేళ్ళు రావుగా. ఎవరూ ఎరగని ఈ చోటికి వచ్చి, కాళ్ళు దాచుకుని, చేతులతో బతుకుతోంది. పెళ్ళి గౌన్ల నుంచి పసిపిల్లల చొక్కాల దాకా ఈ చుట్టుపక్కల అందరివీ తనే కుట్టేది. అందరూ తన చేత్తో కుట్టిన బట్ట ఒంటిమీద వేసుకున్నవాళ్ళే.

నాకు ఆపాలో కొనసాగించాలో తెలియలేదు. ఆపేస్తే ఇంకా అవమానం అనుకున్నాను. అందుకని కడిగాను. అందరి కాళ్ళకంటే ఎక్కువసేపు కడిగాను, అందరూ చూస్తుండగా. నేను అసహ్యించుకోవడం లేదని అందరికీ తెలియాలని. అది తల్చుకుంటే ఇప్పుడు నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోతున్నాను. ఆ కాసేపూ నేను ఆలోచించింది ఆవిడ గురించి కాదు, నా మంచితనం గురించి.

పక్క బెంచీలో ఉన్న బేకరీ ఆవిడ తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. టైలరమ్మ తనే మేజోడు తొడుక్కుంది, బూటు వేసుకుంది, తాడు కట్టుకుంది. లేచి, మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం తీసుకుని ఎప్పటిలాగే అందరి దగ్గరికీ తిరిగింది. ఒక్కరూ గ్లాసు ముట్టుకోలేదు. పళ్ళెం నిండుగానే తిరిగొచ్చింది. నేను తీసుకుని తాగాను. నర్సు తాగింది. అంతే.

మర్నాటినుంచి కుట్టుగదికి ఎవరూ రాలేదు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు వెనక్కి అడగడానికి కూడా రాలేదు. నీకు 'ఎవరూ బట్టలు కుట్టించుకోవడం లేదు' అని రాశానే, ఆ ముక్క నిజమే. ఎందుకో రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు దాన్ని లేమి అనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇక నీ మూటలు. వ్యాను ఆ ఇంటి ముందే ఆగింది. "అడగకుండానే దేవుడు పంపాడు" అని పెద్దాయన మురిసిపోయాడు. పంచవద్దని చెప్పాలంటే, ఆవిడ పని పోయింది నావల్లేనని చెప్పాలి. చెప్పలేదు. టైలరు ఇంటి గుమ్మం ముందు బల్ల వేసి, కుట్టిన బట్టలు ఊరికే పంచిపెట్టాం. నా చేతులతోనే ఇచ్చాను. స్కూలు బట్టలన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. ఏటా ఈ నెలలో ఆవిడకి ఊపిరి సలపనిచ్చేవి ఆ స్కూలు బట్టలేనట. నర్సు తర్వాత చెప్పింది.

వరుసలో ఎండకి నిలబడ్డారని ఆవిడ కుండతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. తన పొట్ట కొడుతున్న వరుసకి నీళ్ళు పెట్టింది వదినా! అప్పుడూ ఎవరూ ముట్టలేదు. నీ ఆకుపచ్చ కోటు బేకరీ ఆవిడకి వచ్చింది. అది తొడుక్కుని తిరిగి చూసుకుంటుంటే, టైలరమ్మ గుమ్మంలోంచే కళ్ళు చిట్లించి కోటు అంచు చూసింది. "ఎవరు కుట్టారోగాని మంచి కుట్టు. ఆ కాలరు తిప్పడం అందరికీ రాదు" అంది నాతో. ఇప్పటికీ ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. పొద్దున్నే వేణ్ణీళ్ళు పెడుతూనే ఉంది, రొట్టె కాలుస్తూనే ఉంది. తిడితే బాగుండును.

నువ్వు రెండు పనులు చేసిపెట్టాలి. ఆ నాలుగు మూటలూ పంపకు. రెండోది, ఈ ఉత్తరం మొత్తం సంఘంలో చదివి వినిపించు. నన్ను మెచ్చుకున్నవాళ్ళందరూ వినాలి. ఒక్క అక్షరం దాచకు. నేనేంటో అందరికీ తెలిస్తేగాని నాకు నిద్ర పట్టదు.

ఈ నెల మధ్యలో మావాళ్ళు తిరిగొస్తున్నారు. నేను రావడం లేదు. డిపోకి సెలవు పొడిగించమని రాస్తున్నాను. ఇక్కడే ఉండి ఆవిడని చూసుకుంటాను. నేను చేసినదానికి అది కూడా చాలదు.

నీ ఆడపడుచు


జూలై 9

అమ్మాయ్,

నీ ఉత్తరం లాండ్రీలో ఆ నాలుగు మూటల మధ్య నిలబడి చదివాను. ఒక మూట మీదే కూలబడ్డాను.

నీ మీద చాలా కోపంగా ఉంది. దాచి చెప్పడం ఎందుకు? నిజం రాసి ఉంటే నేను ఇంటింటికీ తిరిగి ఆ బట్టలు పోగేసేదాన్నా? ఒక ఆడమనిషి నోటికాడి కూడు నా చేత లాగేయించావు. ఎంతో మంచి పని చేస్తున్నాననుకుంటూ, ఒక్కో చొక్కా మడత పెట్టి, పాట పాడుకుంటూ ఇస్త్రీ చేశాను. ఆ పాట తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. నాకూ బుద్ధి లేదు. 'కుట్టించుకోవడం లేదు' అని రాస్తే, ఎందుకని ఒక్కమాట అడగలేదు. అడిగితే ఉత్తరానికో వారం పడుతుంది. వారం ఆగలేకపోయాను. పదిమంది నా మాట వింటున్నారన్న సంబరం నాది.

మూటలు ఆపేశాను. ఆదివారం లేచి, "ఇక పంపొద్దు" అన్నాను. ఎందుకని అడిగారు. "వద్దు, అంతే" అన్నాను. కోశాధికారి పిన్నిగారు "వాళ్ళాయన నడుంనొప్పి చూసుకుంటోంది కాబోలు" అని పక్కావిడతో నాకు వినిపించేలాగే అంది. ఇంకెవరో, "ముందు ఆర్భాటం చేసి ఇప్పుడు చేతులు ముడుచుకుంది" అన్నారు. అననీ. దారిలో ఆపి ఉత్తరం వచ్చిందా అని అడగడం మానేశారు. మీ అన్న ఏమీ అడక్కుండా మూటలు తిరిగి లోపల పడేశాడు. సాయంత్రం మాత్రం, "అంత పెద్ద తప్పు ఏం జరిగింది?" అన్నాడు. "మన అమ్మాయి తొందరపడింది, నేను ఇంకా తొందరపడ్డాను" అన్నాను. మళ్ళీ రెట్టించలేదు.

నీ ఉత్తరం చదవలేదు. చదవను.

నువ్వు ఏమడుగుతున్నావో తెలిసే అడిగావా? ఆవిడ కాలు ఒక గదినిండా జనానికి చూపించావు. ఇప్పుడు ఇంకో గదినిండా జనానికి నా చేత చూపించమంటున్నావు. ఆవిడ ఎవరో వీళ్ళకి తెలియకపోవచ్చు. రేపు వీళ్ళలో ఎవరైనా అటు వస్తారు, "ఆ టైలరమ్మ ఇల్లెక్కడ?" అని అడుగుతారు, జాలిపడతారు. నీకు నిద్ర పట్టడానికి ఆవిడ మళ్ళీ కాలు చాపాలా? పట్టకపోతే పట్టకపోనీ. నాకూ పట్టడం లేదు. నిన్ను అందరూ మెచ్చుకుంటుంటే తలొంచుకుని ఊరుకో, అదే నీకు శిక్ష. నన్ను నలుగురూ దెప్పుతుంటే నేను ఊరుకోవడం లేదూ?

ఇంకొకటి. అక్కడే ఉండిపోయి చూసుకుంటానన్నావు. ఆవిడని అడిగావా? ఉండమంటుందో పొమ్మంటుందో అడిగావా? వద్దంటే ఈసారైనా 'వద్దు' అనే అర్థం చేసుకుంటావా?

కసురుతున్నానని బాధపడకు. నువ్వంటే నాకు ప్రాణం. అందుకే ఇంతసేపు రాశాను.

మీ వదిన


జూలై 20

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి నీమీద కోపమొచ్చింది, తర్వాత ఇక కోపమూ రాలేదు. చదవకుండా ఉన్నందుకు నీకు చేతులెత్తి మొక్కాలి. మన వ్యాను వెళ్ళిపోయింది గనుక ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను.

అడిగాను. వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. "మావాళ్ళు వెళ్ళిపోతున్నారు, నేను మీతో ఉండనా?" అన్నాను. తలెత్తకుండానే "వద్దమ్మా" అంది.

నోటిదాకా వచ్చింది, ఎందుకని అడగాలని, బతిమాలాలని. పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. తరుగుతూనే, ఎందుకో తనే చెప్పింది.

"నువ్వు కళ్ళముందుంటే ఇక్కడ అందరికీ ఆరోజే గుర్తొస్తుంది. నాకూ అదే గుర్తొస్తుంది. నువ్వు నా కంచం కడిగీ, నా బట్టలు ఉతికీ నీ మనసు కుదుటపరచుకుంటావు. నేను దానికోసం ఇంట్లో కూర్చుని చేయించుకోవాలా? నా ఒంట్లో ఓపిక లేదమ్మా. నీమీద కోపం లేదని చెప్పలేను. ఉంది. ఇంటికొచ్చిన మనిషిని అనకూడదని ఊరుకున్నాను."

వదినా, ఆ మాటతో నాకు ఊపిరాడినట్టయింది. తిట్టనందుకే ఇన్నాళ్ళూ నలిగిపోయాను. తిట్టాక తెలిసింది, నలిగింది నేను కాదు, ఆవిడ. మేము అతిథులమని, తన ఇంట్లో ఉన్నామని, కోపం కూడా మింగి మాకు రొట్టె కాల్చింది. నేను ఇంట్లో ఉన్నంతకాలం ఆవిడకి తిట్టుకునే వీలు కూడా లేదు.

తర్వాత ఇంకోమాట చెప్పింది. ఇల్లు ఖాళీ చేస్తోంది. ఇక్కడ ఇక కుట్టుకుని బతకలేదు. వేరే చోట మొదటినుంచి మొదలుపెడుతుందట. ఈ వయసులో. "ఒక్క పని చేసిపెడతావా?" అంది. ఇన్నాళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. "కుట్టడానికి ఇచ్చినవాళ్ళ గుడ్డలు ఇంకా ఇక్కడ ఉన్నాయి. నేనుంటే ఎవరూ గుమ్మం ఎక్కరు. నేను వెళ్ళాక తెలిస్తే వస్తారు. నువ్వు మరికొన్నాళ్ళుండి ఎవరివి వాళ్ళకి ఇచ్చి తాళం యజమానికి అప్పజెప్పు. వచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడకు, కూర్చోబెట్టు, మంచినీళ్ళివ్వు. నేను ఎక్కడికి వెళ్ళానని అడుగుతారు. తెలియదని చెప్పు."

మావాళ్ళు వెళ్ళిన మర్నాడు పాలవ్యాను వచ్చింది. మిషను తల విప్పి దుప్పట్లో చుట్టింది. దాన్ని నేను మోశాను, స్టాండును పాలవ్యాను డ్రైవరు మోశాడు. ముందు సీట్లో ఎక్కి కూర్చుని, మిషను తల ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడికని అడగాలని నా ప్రాణం కొట్టుకుంది. ఎప్పటికైనా ఒక ఉత్తరం రాయాలని, క్షేమమో కాదో తెలుసుకోవాలని. అడగలేదు. ఆవిడ కూడా నేను అడుగుతానేమోనని చూస్తున్నట్టే ఉంది. వ్యాను కదిలాక ఒక్కసారి తలూపింది. మన్నించినట్టు కాదు. పని అప్పజెప్పినట్టు, అంతే.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. వెళ్ళిపోయిందని తెలియగానే ఒక్కొక్కరే వచ్చారు. కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. ఆ గ్లాసులతోనే, ఆ కుండలోంచే. అందరూ తాగారు. తమ గుడ్డలు తీసుకుని చూసుకున్నారు. అన్నీ కుట్టి, గుండీలు పెట్టి, మడతపెట్టి ఉన్నాయి. ఎవరూ రాని ఆ రోజుల్లో కూర్చుని అన్నీ పూర్తిచేసింది కాబోలు. మేం పనికి పోయిన వేళల్లోనే అయి ఉంటుంది, నేను మిషను చప్పుడు వినలేదు. "ఎక్కడికెళ్ళింది?" అని అందరూ అడిగారు. తెలియదన్నాను. నిజమే కాబట్టి నోరు తడబడలేదు.

నిన్న బేకరీ ఆవిడ వచ్చింది. ఇక్కడ ఆవిడ గుడ్డలేవీ లేవు. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. ఊరికి పోయి పొద్దున్నే వచ్చిందట, ఇంకా ఎవరూ చెప్పలేదు. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసింది. "ఆవిడ లేదా? పిల్లకి గౌను కుట్టించాలి" అంది. కుర్చీ వేశాను. కూర్చోలేదు. "ఆ రోజు నేను పిల్లని అలా లాక్కోకుండా ఉండాల్సింది. మా చెల్లెలు ఆసుపత్రిలో పనిచేస్తుంది, వెళ్ళి దాన్ని అడిగాను. నయమయ్యాక ఆ జబ్బు ఎవరికీ అంటదని నాలుగు చీవాట్లు పెట్టింది. పక్కింట్లో ఉండి ఈ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. ఇవాళ ధైర్యం చేసి వచ్చాను. పిలవండి ఆవిడని, నేను మాట్లాడతాను."

"వెళ్ళిపోయారండి" అన్నాను.

"ఎప్పుడొస్తుంది?"

"రారు."

"ఎక్కడుందో చెప్పండి, నేనే వెళ్ళి తీసుకొస్తాను. మీకు తెలుసు, మీరు దాస్తున్నారు" అని నా చెయ్యి పట్టుకుంది. తెలియదంటే నమ్మలేదు. అప్పుడు కూర్చుంది. నీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని మిషను ఉన్నచోట నేలమీద పడ్డ నాలుగు గుర్తులు చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు పొట్లం అక్కడే పెట్టేసింది. "ఏమో, ఏదైనా మర్చిపోయి వెనక్కి వస్తుందేమో. వస్తే నేను ఇచ్చానని చెప్పండి" అంది. వద్దనలేకపోయాను.

ఆవిడ వెళ్ళాక విప్పి చూశాను. నీలం గుడ్డ. దాని మడతలో కొలతకోసం పిల్ల పాత గౌను పెట్టింది. టైలరమ్మ కుట్టిందే. పిల్ల ఎదిగితే వదులు చేయడానికని అంచులో వేలెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టి ఉంచింది. రేపు పొద్దున్న యజమానికి తాళం ఇచ్చి బస్సెక్కాలి. అంతకుముందు ఈ పొట్లం తీసుకుని బేకరీకి వెళ్ళాలి, ఆవిడ రాదని ఇంకోసారి చెప్పాలి.

నీ ఆడపడుచు